రంగులు నాకు ఎర్కనే సారూ

వినోద ఏది కొన్నా ముందు ఒకటే ప్రశ్న వేసుకునేది: ఇది ఎన్నాళ్లలో కదులుతుంది? కదలని సరుకు ఇంట్లో చోటు తింటుంది, ఆ తర్వాత నిద్ర తింటుంది. పంతొమ్మిదేళ్ల కిందట సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కొత్త కోడలిగా సూరత్‌కు వచ్చినప్పటి నుంచి ఆమె ఈ ప్రశ్నతోనే బతుకు నడిపింది. భర్త రాజనర్సు సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, గుడ్డ నేస్తాడు. ఆమె రింగురోడ్డు మార్కెట్లో చీరలు ఏరి, మూట కట్టి, తామున్న డిండోలి పేటలో గడప గడపకూ తిరిగి అమ్ముతుంది. ఏ వీధిలో ఏ రంగు పోతుందో, ఏ ఇంటికి అత్త ఊళ్లో లేని రోజు చూసి వెళ్లాలో ఆమెకు బాగా తెలుసు.

అలాంటి మనిషి ముప్పై ఎనిమిదో ఏట ఇంగ్లిష్ మాటలు నేర్చుకుంటానని బయల్దేరింది.

ఒకనాడు మార్కెట్ మెట్ల మీద మూట దించుకుని మంచినీళ్లు తాగుతుంటే ఆమె ముందు నుంచి ఒక అమ్మాయి చిన్న జెండా పట్టుకుని నడుచుకుంటూ పోయింది. ఆమె వెనకాల పది పన్నెండు మంది. అమ్మాయి ఆగితే వాళ్లు ఆగారు. అమ్మాయి వేలెత్తి చూపిస్తే అందరూ తలెత్తి చూశారు. ఆమె చేతిలో అమ్మే వస్తువంటూ ఏదీ లేదు. అయినా అంతమంది ఆమె వెనకే.

వినోద నీళ్ల సీసాకు మూత పెట్టడం మరిచిపోయింది. తన వ్యాపారమంతా జనం వెంట పడటమే. "చూడక్కా, ఒక్కసారి చూస్తే పైసలడుగుతానా" అంటూ గుమ్మం కింద కూర్చుని, తలెత్తి మాట్లాడటమే. ఇన్నేళ్లలో ఒక్కనాడైనా తను ముందు నడుస్తుంటే ఎవరైనా వెనక నడిచారా? పిల్లలు కూడా వాళ్లకు కాళ్లొచ్చాక తనను దాటి ముందుకు ఉరికినవాళ్లే.

మూట భుజానికెత్తుకుని ఆ గుంపు వెనకే పోయింది. అందరికన్నా వెనక ఉన్నావిడే వాళ్లందరికీ పెద్ద అని తేలింది. పేరు హేతల్‌బెన్, అంటే హేతలక్క. నాన్‌పురాలో చిన్న ఆఫీసు పెట్టి, ఊరు చూడొచ్చినవాళ్లకు పాత సూరత్‌ను నడిపించి చూపిస్తుంది.

"మాకు ఇంకో గైడు కావాలి," అందామె హిందీలో. "మూడు నెలల తర్వాత పరీక్ష పెడతాం. నడక ఉండాలి, నోరుండాలి, ఊరి చరిత్ర తెలియాలి, ఇంగ్లిష్ రావాలి."

వినోద అక్కడే లెక్క వేసుకుంది. నడక ఉంది. నోరుంది. చరిత్ర వింటే వస్తుంది. తక్కువపడేది ఒక్క సరుకే.

ఇంట్లో ఈ మాట చెప్పగానే అత్త ఎల్లవ్వ చాటలో బియ్యం ఏరడం ఆపింది.

"ఇంగ్లీసా? డిండోలిల చీరెలు తీస్కునేటోళ్లు గిప్పుడు ఇంగ్లీసుల బేరం జేస్తున్నరా ఏంది?"

"చీరెలకు గాదత్తా. ఊరు చూపిచ్చే కొలువు."

"ఊరు చూపిచ్చుడు గూడ కొలువేనా? నన్ను దెచ్చి పదేండ్లాయె, నాకు ఉధ్నా స్టేషను దప్ప ఏం జూపిచ్చినవే నువ్వు?"

"నేను జూస్తే గద నీకు జూపిచ్చేది!"

ఎల్లవ్వ చాటను తన వైపు లాక్కుంది. మళ్లీ బియ్యంలోకి వంగింది.

ఆ సాయంత్రమే వినోద శ్యాంసుందర్ సార్ ఇంటికి వెళ్లింది. ఆయన సూరత్‌లోని తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. కరీంనగర్ యాసను మాత్రం బడి కూడా మాన్పించలేకపోయింది.

"సారూ, ఎన్ని మాటలొస్తె ఒక మనిషికి ఇంగ్లిష్ వచ్చినట్టు లెక్క?" అని అడిగింది, జాకెట్టుకు ఎంత గుడ్డ పడుతుందని అడిగినట్టు.

"ఒక వెయ్యి రావాలె."

"వెయ్యా! మూడు నెలలల్ల వెయ్యి ఎక్కడ్నుంచి దెస్త సారూ? జర చూసి చెప్పుండ్రి. రెండు నూర్లు."

"ఇదేమన్న చీరెనా వినోదా, బేరం జేస్తున్నవ్?"

"చీరె గాకుంటె ఏంది? వాడుకునే వస్తువే గదా. వాడనిది పెట్టెల వెట్టుకొని నేనేం జేసుకోను?"

సార్ ఒక కాగితం తీసి వరసగా రాశాడు: ఇల్లు, ఒళ్లు, తిండి, జంతువులు, చెట్లు, రంగులు, దారులు, కట్టడాలు, యుద్ధాలు, ఓడలు. వినోద ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

"జంతువులెందుకు? నేనేమన్న జూ చూపిస్తున్ననా? తీసేయుండ్రి. చెట్లు తీసేయుండ్రి. రంగులు నాకు ఎర్కనే సారూ. రెడ్డు, పింకు, మెరూను, రామా గ్రీను, రాణీ పింకు... మీకు ఎర్క లేనియి గూడ నాకు ఎర్క. కొట్టేయుండ్రి."

సార్ కొట్టేశాడు. ఆయన ఏడు వందలన్నాడు, ఆమె రెండు వందల యాభై అంది. చివరికి మూడు వందల అరవై దగ్గర ఆగింది. వారానికి ముప్పై చొప్పున పన్నెండు ఆదివారాలు.

"గని ఒక షరతు," అన్నాడు సార్. "పుస్తకంలకెళ్లి ఒక్క మాట గూడ ఇయ్య. ఊర్లకెళ్లే ఇస్త. బస్సెక్కాలె, ఆడికి పోవాలె, దాని ముంగట నిలవడి మాట తీస్కోవాలె."

"నాదొక షరతు సారూ. ఆదివారం తీస్కున్న మాట శనివారం లోపట కొత్త మనిషి దగ్గర వాడాలె. ఆ మనిషికి అర్థమైతేనే లెక్కల జమ. లేకుంటె వాపసు."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఏ పిల్లా పెట్టని షరతు అది.

మొదటి ఆదివారం తాపీ ఒడ్డున కోటకు పోయారు. డిండోలి నుంచి బస్సులో నిలబడే వెళ్లారు. సార్‌కు ఒకరు సీటిచ్చారు గానీ, కూర్చుంటే కిటికీలోంచి చూపించడానికి వీలవదని ఆయన కూర్చోలేదు. కోట ముందు నిలబడి ఒక్కోదాన్నే వేలితో చూపించాడు. వాల్. గేట్. టవర్. కానన్. సముద్రం మీద నుంచి వచ్చే దోపిడీగాళ్ల కోసమే ఇంత మందం గోడ కట్టారని, దాన్ని అటాక్ అంటారని చెప్పాడు.

"అటాక్ ఎర్కనే సారూ. మా మామకు వచ్చింది గదా."

"అదే మాట. గుండె మీదికి వచ్చినా కోట మీదికి వచ్చినా అటాకే."

వినోద ఆ మాటను మళ్లీ ఒకసారి నోట్లో తిప్పుకుంది. ఆమె దగ్గర ఇలాంటివి చాలానే ఉన్నాయని ఆ పూట బయటపడింది. షిఫ్టు, బీము, బాబిను, సాంపిల్, ఫ్రెష్, సెకండ్... సాంచెల మధ్యా చీరల మధ్యా ఏళ్ల తరబడి వాడుతున్నవి. అవి ఇంగ్లిష్ అని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె వాటిని తెలుగు లెక్కలోనే వేసుకుంది.

కోట చుట్టూ ఉన్న కందకం దగ్గర మాత్రం ఆమె మొండికేసింది. "మోట్ అంటున్నరు. ఈ మాట నేనెవలకు అమ్మాలె? డిండోలిల ఎవలింటి సుట్టు ఉన్నది కందకం?"

"అది నీ తిప్పలు," అన్నాడు సార్.

గురువారం దాకా ఆ మాట కదల్లేదు. ఆ రోజు ఒక వీధిలో పైపుల కోసం పొడుగునా గొయ్యి తవ్వి, పూడ్చకుండా వదిలేశారు. కాలేజీకి పోయే ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడి అవతలికి ఎలా దాటాలా అని చూస్తోంది. వినోద మూట సర్దుకుని, "ఏం బిడ్డా, ఇంటి ముంగట మోట్? కోట కట్టుకుంటున్నరా ఏంది?" అంది. అమ్మాయి ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వింది. మోట్ జమ అయింది.

షిఫ్టు దిగి వచ్చిన రాజనర్సు కాళ్లు కడుక్కుంటూ ఈ కథ విన్నాడు. పన్నెండు గంటల సాంచెల చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉండటంతో గట్టిగా మాట్లాడుతున్నాడు. "పొద్దుగాల గేటు, పగటీలి టవరు. నాకు అన్నమన్న తెలుగుల వెడ్తవా లేదా?"

"గిన్నెల ఉంది. వాల్ పక్కకు."

"ఏ వాలు?"

"ఉన్నయే నాలుగు గోడలు, ఎదుక్కో."

నవ్వుకుంటూనే వడ్డించింది. అతను తినేటప్పుడు ఎదురుగా కూర్చుని, కోట కథంతా మొదటి నుంచి చెప్పింది. అతను మధ్యలో రెండుసార్లు కునికాడు గానీ, "ఆఁ, తర్వాత?" అని అనడం మానలేదు.

నాలుగో ఆదివారం చౌక్ వెనక సందుల్లోకి వెళ్లారు. ఒక పాత గోడ దగ్గర సార్ ఆగి, "నాలుగు నూర్ల ఏండ్ల కింద ఇంగ్లిషోళ్లు మన దేశంల మొదట్ల పెట్టిన ఫ్యాక్టరీలల్ల ఒకటి ఈ చుట్టుపక్కలనే ఉండె," అన్నాడు.

"ఎన్ని సాంచెలు?" అని అడిగింది వినోద వెంటనే.

సార్ నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు.

"నవ్వుతరేంది సారూ? అప్పుడు కరెంటు లేదు గావచ్చు, చేతి మగ్గాలే అనుకోరాదుండ్రి. ఎన్ని ఉండె?"

"ఒక్కటి గూడ లేదు బిడ్డా. అప్పుడు ఫ్యాక్టరీ అంటె తయారు జేసే జాగ గాదు. ఫ్యాక్టర్ అంటె సరుకు గొని పంపిచ్చే మనిషి. ఆ మనుషులుండి, సరుకు దాసుకునే ఇల్లే ఫ్యాక్టరీ."

 వినోద ఆ గోడను పైనుంచి కింది దాకా చూసింది.

"అంటె వాళ్లు నేయలే."

"నేయలే."

"మన అసోంటోళ్లు నేస్తె మూటలు గట్టుకొని ఓడల ఏసుకున్నరు."

"అంతే."

"గట్లయితె మా ఇల్లు గూడ ఫ్యాక్టరీనే సారూ. మంచం కింద మొత్తం మూటలే."

సంచి మీద పేరు అదే ఉండి లోపలి సరుకు మారిపోతుందని ఆమెకు ఆ రోజు తెలిసింది. ఒక వ్యాపారికి అది చిన్న సంగతి కాదు. అయితే ఇలాంటిది ఇంగ్లిషువాళ్ల పాత సంచులతోనే జరుగుతుందనుకుంది. తన ఇంట్లో ఉన్నవాటిని విప్పి చూసుకోవాలని తోచలేదు.

ఎనిమిదో ఆదివారం కతర్‌గామ్ దర్వాజా దగ్గరి ఇంగ్లిషువాళ్ల గోరీలకు పోయారు. గోరీలంటే మోకాలెత్తు ఉంటాయనుకున్న వినోద లోపలికి అడుగుపెట్టి నోరు తెరిచింది. స్తంభాలు, అంతస్తులు, పైన గుమ్మటాలు. బతికున్నవాళ్లకు డిండోలిలో అంత ఇల్లు లేదు.

"అన్నదమ్ములిద్దరిదీ ఒక్కటే గోరీ," అన్నాడు సార్ అన్నిటికన్నా పెద్దదాన్ని చూపిస్తూ. "టూంబ్. పైనది డోమ్. దీన్ని జూసి డచ్చోళ్లు అంతకన్న పెద్దది కట్టుకున్నరని చెప్తరు."

"ఎదురు దుకాణపోడు పెద్ద బోర్డు వెడ్తె మనం ఇంకింత పెద్దది పెట్టినట్టు."

"ఆ, అదే."

"సచ్చినంక గూడ గిరాకీ కోసమేనా సారూ?"

సార్ చిన్న గోరీల వైపు నడిచాడు. ఒక రాతి మీద అక్షరాలను వినోద కూడబలుక్కుని చదివింది. ఏజ్డ్. ఆ మాట ఆమెకు తెలుసు, బస్సులో ముసలివాళ్ల సీటు మీద రాసి ఉంటుంది. "ఈ మనిషి ముసల్తనంల వోయిండు," అని సార్‌కు చెప్పింది.

"పక్కన అంకె సూడు."

ఒకటి. దాని పక్కన ఇయర్ అని ఉంది.

"ఏజ్డ్ అంటె ముసలి అని ఒక్కటే గాదు. ఇన్నేండ్లు బతికిండని. గీ పిల్లగాడు ఒక్క ఏడాది బతికిండు."

వినోద ఆ రాయి ముందు కూర్చుంది. తర్వాత లేచి పక్కది చదివింది, దాని పక్కది చదివింది. ఇరవై రెండు. పంతొమ్మిది. ముప్పై. జ్వరాలొచ్చి పోయినవాళ్లే ఎక్కువని సార్ చెప్పాడు. సరుకు కోసం ఇంత దూరం వచ్చి, ఈ ఎండలో, ఈ నీళ్లకు. వినోదకు తమ వీధిలో వాళ్లు గుర్తొచ్చారు. రెండేళ్లు సంపాదించుకుని పోదామని జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి వచ్చి, ఇక్కడే ఆగిపోయినవాళ్లు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఆ వారం ముప్పై మాటల్లో ఆ ఒక్కదాన్నే ఆమె ఎవరి దగ్గరా వాడలేకపోయింది. అయినా వాపసు ఇవ్వలేదు. "ఇది అమ్మకానికి గాదు సారూ, ఇంట్ల ఉంచుకుంట," అంది.

పన్నెండు ఆదివారాలూ అయిపోయాయి. మూడు వందల అరవైలో మూడు వందల నలభై రెండు జమ. పరీక్ష శనివారం పొద్దున పెట్టారు. పోటీకి ఉన్నది ఒక్కతే, అడాజణ్‌లో ఉండే కృపా అనే కాలేజీ అమ్మాయి. నిజంగానే ఊరు చూడటానికి వచ్చిన ఐదుగురిని తోడిచ్చి, సగం దూరం కృపా నడిపించాలి, మిగతా సగం వినోద అని హేతల్‌బెన్ నిర్ణయించింది. వచ్చినవాళ్లలో పూనా నుంచి ఒక భార్యాభర్తలు, అహ్మదాబాద్‌లో ఇళ్ల నమూనాల చదువు చదివే ఇద్దరు కుర్రవాళ్లు, కొచ్చి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ బడిలో ఇంగ్లిష్ టీచరుగా చేసి రిటైరైందట. చేతిలో గొడుగుంది.

కృపా కోటనీ, ఒకప్పుడు బాటసారులు దిగిన పాత సరాయినీ చూపించింది. ఆమె ఇంగ్లిష్ కుళాయి నీళ్లలా వస్తోంది. వినోద వెనకాల నడుస్తూ, వాడిన మాటల్లో తన దగ్గరున్నవెన్నో లెక్కపెట్టుకుంది. సగం కూడా లేవు.  గోరీల గేటు దగ్గర కృపా పక్కకు జరిగి, ఇక మీ వంతన్నట్టు, "అబ్ ఆప్, మాసీ," అని నవ్వింది. ఆ నవ్వులో కల్తీ లేదు, అందుకే ఇంకా భయమేసింది.

అయినా మొదలుపెట్టాక నోరు దాని దారి అది చూసుకుంది. "టూ బ్రదర్స్. వన్ టూంబ్. బిగ్ డోమ్. డచ్ పీపుల్ సీ. డచ్ పీపుల్ మేక్ మోర్ బిగ్. సేమ్ లైక్ షాప్ బోర్డ్." కుర్రవాళ్లు నవ్వారు. పూనా ఆవిడ కూడా నవ్వి ఫొటో తీసుకుంది. వినోద భుజాలు సర్దుకున్నాయి. మాటలు కదులుతున్నాయి.

గేటు బయటికి వచ్చేసరికి సందు మధ్యలో ఒక టెంపో ఇరుక్కుని ఉంది. దాని నిండా మగ్గం మీద నుంచి అప్పుడే దిగిన గుడ్డ, మడతల మీద మడతలు. కుర్రవాళ్లలో ఒకడు అదేమిటని అడిగాడు.

వినోద మొహం విప్పారింది. ఎవరూ అడిగించకుండానే వచ్చిన ప్రశ్న, ఇరవై ఏళ్లుగా తెలిసిన జవాబు. "దిస్? దిస్ ఈజ్ గ్రే! సూరత్ గ్రే. ఫుల్ టెంపో గ్రే."

కొచ్చి టీచరు టెంపో వైపు చూసి, ఆమె వైపు చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు మెత్తగా, "నో, మై డియర్. దట్ ఈజ్ వైట్," అంది. చేతిలోని గొడుగెత్తి చూపించింది. "దిస్ ఈజ్ గ్రే."

వినోద గొడుగు వైపు చూసింది. ఆమె సరుకులో ఆ రంగు పేరు సిలేటీ. ఇంగ్లిష్‌లో దానికో పేరుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. గ్రే అంటే ఆమెకు మగ్గం దిగిన పచ్చి గుడ్డ. ఆమె భర్తకూ అంతే, సూరత్‌లో గుడ్డ ముట్టుకునే ప్రతి మనిషికీ అంతే. అది పాలలా తెల్లగా ఉన్నా గ్రేనే.

"కలర్స్ నేర్చుకోకుండా వచ్చినట్టుందే," అని పూనా ఆయన భార్యతో హిందీలో అన్నాడు, మెల్లగా అన్నాననుకుని.

కృపా నేల చూపులు చూసింది. హేతల్‌బెన్ సూరత్ మనిషే, ఆమెకు గ్రే తెలుసు. కానీ పరీక్ష వినోదది. పెన్ను కాగితం మీద ఆనించి అలాగే నిలబడింది.

 మూడు వందల నలభై రెండు మాటల్లో ఒక్కటీ వినోద చేతికి తగల్లేదు. మూట ముడి ఊడి అంతా రోడ్డు పాలైనట్టనిపించింది. ఆ ఖాళీలో ఆమెకు మిగిలింది పాత అలవాటొక్కటే. 'నువ్వు చెప్పిన రంగు ఇది కాదు' అని గిరాకీ అన్నప్పుడు వాదించకూడదు. చీరను ఇంట్లోంచి బయటికి తెచ్చి, ఎండలో పెట్టి, చేత్తో పట్టుకుని చూడమనాలి.

"కమ్," అంది.

టెంపో డ్రైవర్‌తో రెండు ముక్కలు మాట్లాడి మడతల్లోంచి ఒక తాకా గుడ్డ కొసను కిందికి లాగింది. కొచ్చి టీచరు చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది. గంజి అంటి గరుగ్గా ఉన్న గుడ్డను ఆవిడ వేళ్లతో నలిపి చూసింది. వినోద అప్పటికే సందులోకి తిరిగింది. "కమ్, కమ్." ఎక్కడి నుంచో సాంచెల చప్పుడు వస్తోంది. దాన్ని పట్టుకుని రెండు మలుపులు తిరిగి, తెరిచి ఉన్న ఒక షెడ్డు తలుపు దగ్గర ఆగింది. లోపల ముప్పై దాకా సాంచెలు. తలుపు దగ్గరున్న ఒడిశా కార్మికుణ్ని సైగతో అడిగింది, అతను తల ఊపాడు. ఆ చప్పుడులో ఏ భాషైనా ఒకటే. వినోద చేత్తో దారాన్ని చూపించింది, ఊరే గుడ్డను చూపించింది, దారం చుట్టి ఉన్న బీమును చూపించింది. దారం తెగగానే సాంచె దానంతట అదే ఆగిపోవడం, ఆ మనిషి రెప్పపాటులో ముడి వేయడం చూపించింది.

చూపించి వెనక్కి తిరిగితే అందరూ ఉన్నారు. మలుపుల దగ్గర ఆమె ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. అయినా ఐదుగురూ వచ్చారు. వాళ్ల వెనక కృపా, ఆమె వెనక హేతల్‌బెన్. పూనా ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు గానీ, వచ్చాడు.

బయటికి వచ్చాక మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. "దిస్ క్లాత్, నో వాష్, నో కలర్. టుమారో గో టు పాండేసర. పాండేసర మిల్, రెడ్ ఆల్సో, గ్రీన్ ఆల్సో, యువర్ అంబ్రెల్లా ఆల్సో. టుడే, నో కలర్ నేమ్. సో సూరత్ సే, గ్రే."

కొచ్చి టీచరు కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత సంచీలోంచి చిన్న పుస్తకం తీసింది. "సేమ్ స్పెల్లింగ్?"

"స్పెల్లింగ్ సేమ్," అంది వినోద. "ఇన్‌సైడ్ డిఫరెంట్."

టీచరు అది రాసుకుంది. కుర్రవాళ్లు మళ్లీ షెడ్డులోకి పోయారు. పూనా ఆయన మాత్రం గడియారం చూపించి, తాము గోరీలు చూడటానికి వచ్చామని, డచ్ గోరీ మిగిలిపోయిందని హేతల్‌బెన్‌తో గట్టిగానే చెప్పి ఆటో పిలిచాడు. ఆయన భార్య వినోద చెయ్యి నొక్కి వెళ్లింది.

హేతల్‌బెన్ వినోదను గోడ నీడకు పిలిచింది. "ఒక్క వాక్యం సరిగ్గా లేదు," అంది హిందీలో.

"అవును."

"దారి తప్పించావు. ఆఖరి చోటు చూపించనే లేదు."

"అవును బెన్."

"ఆయన కోపంగా వెళ్లాడు."

"ఒక్కడే కదా. మిగతావాళ్లు?"

హేతల్‌బెన్ షెడ్డు వైపు చూసింది. కొచ్చి టీచరు గొడుగు మూసి, దారం ముడి ఎలా వేస్తారో ఆ ఒడిశా మనిషి దగ్గర నేర్చుకుంటోంది. ముడి పడటం లేదు. అతను మళ్లీ మొదటి నుంచి చూపిస్తున్నాడు.

"పాత ఊరి నడక కృపాకే ఇస్తాను," అంది హేతల్‌బెన్. "ఆ కొలువు ఆమెకే తగుతుంది. నీతో అబద్ధం చెప్పను."

వినోదకు కళ్లు మండాయి. గుడ్డ నూగు అని సర్దిచెప్పుకుంది. మూడు నెలల ఆదివారాలు, సార్ బస్సులో నిలబడ్డ నిలబాటు, ఇంట్లో వండకుండా వదిలేసిన పూటలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. బేరం పోయిందనుకున్న చోట మూట ఎత్తుకుని లేచిపోవడం ఆమెకు తెలుసు. లేవకుండా ఇంకాసేపు కూర్చోవడం కూడా తెలుసు.

"న్యాయమే బెన్. ఆ పిల్ల బాగా చెప్పింది," అంది. "మరి గుడ్డ నడక ఎవరికిస్తారు?"

"అలాంటిది మా దగ్గర లేదు."

"ఇప్పుడే జరిగింది కదా. గోరీల గేటు నుంచి టెంపో, టెంపో నుంచి ఈ షెడ్డు. రేపు ఇదే గుడ్డ రంగు అద్దడానికి పాండేసరకు పోతుంది, అక్కడి నుంచి మార్కెట్టుకు. దాని వెనకాలే పోదాం. ఇంగ్లిషువాళ్లు ఇంత దూరం వచ్చింది ఆ గుడ్డ కోసమే అని మీ కృపానే చెప్పింది పొద్దున. వాళ్లు పోయారు, గుడ్డ ఇంకా ఇక్కడే నేస్తున్నాం. సగం కథ మీరు చూపించడం లేదు."

హేతల్‌బెన్ ఆమెను కొత్తగా చూసినట్టు చూసింది. "షెడ్డువాళ్లు ఒప్పుకోవాలి."

"నేను ఒప్పిస్తాను."

"నెలకు ఒక శనివారం."

"రెండు."

"ఒకటి. ఇంగ్లిష్ బాగుపడితే అప్పుడు రెండు."

వినోద గాలి పీల్చుకుంది. "సరే. ఖాయం."

హేతల్‌బెన్ కాగితం తిప్పి ఖాళీ వైపు ఆమె పేరు రాసుకుంది. "మెడలో వేసుకునే కార్డు చేయించాలి. పేరు కింద గైడ్ అని రాయిస్తాను."

"ఆగండి బెన్," అంది వినోద. "మా బడిలో గైడ్ అంటే పరీక్ష ముందు రోజు కొనుక్కునే పుస్తకం. చదవనివాళ్లు కొనేది. మీ దగ్గర దాని అర్థమేమిటో ముందు చెప్పండి."

హేతల్‌బెన్ నవ్వబోయి, ఆమె నిజంగానే అడుగుతోందని గ్రహించి, కాస్త ఆలోచించి చెప్పింది.

"ముందు నడిచే మనిషి."

"అయితే రాయించండి."